కాగితమా, ఫోనా?

కారులో ఇన్సూరెన్సు కాగితం వుండి తీరాలా, ఫోనులో వుంటే చాలునా? మాదాపూరులో సైబర్ టవర్స్ దగ్గర ట్రాఫిక్కు పోలీసు చెయ్యెత్తగానే సగం మందికి గుర్తొచ్చే ప్రశ్న ఇది. ఒకాయన కారు అరలోని కాగితాలన్నీ ఒళ్ళో పోసుకుంటాడు. దొరికేది పోయినేటి కాగితం. వెనకాయన దర్జాగా ఫోను తీస్తాడు. అది చార్జింగు లేక అప్పుడే కళ్ళు మూసింది. పాపం, ఇద్దరూ డబ్బు కట్టినవాళ్ళే!

నేను చెప్పుకునేది తెలుగు పాఠాలు గాని న్యాయశాస్త్రం కాదు. అయినా ఈ మాత్రం నిబంధన చదువుకోవడానికి వకీలు కానక్కరలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వది దీని సంగతే చెబుతుంది. మొదట రాసినప్పుడు, దగ్గర కాగితం లేనివాడు ఎవరైనా అధికారి సంతకం చేసిన నకలును 15 రోజుల్లో తెచ్చి చూపాలి, లేదా రిజిస్టరు పోస్టులో పంపాలి. 2018 నవంబరులో దాన్ని మార్చి, కాగితమైనా సరే, ఎలక్ట్రానిక్ రూపమైనా సరే అన్నారు. 2020 అక్టోబరు నుంచి మరో అడుగు వేశారు: అధికారి తన యంత్రంలో చూసుకుని వివరాలు సరిగా వున్నాయని తేలితే, ఇక కాగితం అడగనే కూడదు.

అయితే ఫోనులో వున్నదల్లా పత్రం కాదు సుమండీ! డిజిలాకర్‌లోగాని ఎంపరివాహన్‌లోగాని కనిపించే పత్రాన్ని అసలుతో సమానంగా చూడమని 2018 ఆగస్టులో కేంద్ర రవాణాశాఖ రాష్ట్రాలకు చెప్పింది. కాగితాన్ని ఫోటో తీసి, పెళ్ళి ఫోటోల మధ్య దాచుకుంటే దానికి ఆ గౌరవం లేదు.

సంస్కృతంలో పత్రమంటే ముందు ఆకు, ఆ తర్వాతే కాగితం. తాటాకు పోయి కాగితం వచ్చినా మాట మారలేదు. ఇప్పుడు ఫోను అద్దం మీదికెక్కినా మారలేదు. మారినదల్లా ఆ పత్రం ఎవరి దగ్గర వుంటుందన్నదే. వెనకటి కాగితం బండితో పాటు తిరిగేది. నేటి పత్రం యజమానితో తిరుగుతున్నది. బండినేమో మరొకరు నడుపుతారు! కొండాపూరులో ఒక డ్రైవరు పోలీసుతో అంటూండగా విన్నాను:

“సార్ ఫోన్ల ఉన్నది సార్. మా సార్ మీటింగ్ల ఉన్నడు.”

“మరి బండి నడుపుతున్నది నువ్వా, మీ సారా?” అన్నాడు పోలీసు.

ఆ ప్రశ్నకు డ్రైవరు దగ్గర జవాబు లేదు. యజమాని దగ్గర వుండాలి. డ్రైవరుకైనా, కొడుక్కైనా, బావమరిదికైనా బండి తాళం ఇచ్చేటప్పుడు అరలో ఒక కాగితం కూడా వుంచితే పోయేదేముంది?

ఇంతకూ ఈ పత్రం పోలీసుకు చూపించడానికే పుట్టిందనుకుంటున్నాం. కాదు. 1939 చట్టంలోని నిర్బంధ ఇన్సూరెన్సు భాగం 1946 జులై 1న అమలులోకి వచ్చింది. నేడున్నది 1988 చట్టం, అందులో 146వ సెక్షను. రెంటి వుద్దేశమూ ఒకటే: మన బండి కింద పడ్డ పరాయివాడికి పరిహారం అందాలి. గచ్చిబౌలి రోడ్డు దాటుతున్న కూలీ మనిషికి మనం ఎవరమో తెలియదు, మన కంపెనీ పేరూ తెలియదు. ఆమెకు దెబ్బ తగిలిన రోజున ఆ పత్రం ఆమెది. అందుకే ప్రమాదం జరిగితే పాలసీ నంబరు, గడువు, తేదీ, చోటు, దెబ్బ తిన్నవారి వివరాలూ రాసి కంపెనీకి తెలియజేయమని 134వ సెక్షను డ్రైవరుకే చెబుతుంది. పాలసీ నంబరే ఎరగని డ్రైవరు ఏం రాస్తాడు?

గడువు తీరిన బండిని పట్టుకుంటే మొదటిసారి జరిమానా 2,000 రూపాయలు, జైలూ పడవచ్చు. అంతటితో అయిపోతే అదృష్టమే. ప్రమాదమే జరిగితే పరిహారం యజమాని సొంత ఆస్తిలోంచి రావాలి. ఆస్తి లేకపోతే దెబ్బ తిన్నవాళ్ళ చేతికి మిగిలేది కోర్టు తీర్పు కాగితం ఒక్కటే.

మరో చిక్కు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు పరాయివాళ్ళ కోసం చేసే ఇన్సూరెన్సును ఒకేసారి మూడేళ్ళకు కట్టిస్తున్నారు, స్కూటరుకు అయిదేళ్ళకు. మన బండి నష్టానికి చేసేది మాత్రం చాలామందికి ఏడాదికే. అంటే ఒకే పత్రం మీద రెండు గడువులన్నమాట! ఒకటి చూసి రెండోది మరిచేవాళ్ళున్నారు.

దేశంలోని ఇన్సూరెన్సు కంపెనీలన్నిటినీ అదుపులో పెట్టే ఐ.ఆర్.డి.ఎ.ఐ. కేంద్ర కార్యాలయం మన నానక్‌రాంగూడలోనే వుంది. దాని గుమ్మం ముందు నుంచి రోజూ ఎన్నో బండ్లు పోతూంటాయి. వాటిలో గడువు తీరినవెన్నో ఎవరు చూడొచ్చారు!

కనుక కాగితమా ఫోనా అని తగువులాడుకోనక్కరలేదు. ఫోనులో ఒకటి, బండిలో ఒకటి వుంచండి. ఈ పూట తీరిక దొరికితే ముందు ఆ రెండు తేదీలూ చూడండి.