పల్నాటికి ప్రేమకథ లేదా?

పల్నాడనగానే వెండితెరకు జ్ఞప్తికి వచ్చునవి కోడిపుంజు, కత్తి, కార్యమపూడి రణరంగము. ‘పల్నాటి యుద్ధము’ 1947లో నొకసారి, 1966లో మరియొకసారి చిత్రమై వచ్చెను. అవి కూడవని మేమనము. బ్రహ్మనాయుని చాపకూడు, నాగమ్మ రాజనీతి మనవే. కాని సత్తెనపల్లిలో పత్తి బేరమాడు వర్తకునకు, మిరపకల్లములో నెండకు మాడు కూలి స్త్రీకి హృదయము లేదా?

2018 సెప్టెంబరు 7వ తేదీన విడుదలయైన ‘కేరాఫ్ కంచరపాలెం’ మాకీ ప్రశ్నను కలిగించినది. విశాఖపట్టణములోని యొక పేట కథ అది. పాత్రధారులలో పెక్కండ్రు ఆ పేటవారే. మున్నెన్నడును ముఖమునకు రంగు పూసికొని యెరుగరు. దర్శకుడు వెంకటేశ్ మహాకు నిది తొలి చిత్రము. నిర్మాత పరుచూరి ప్రవీణ అమెరికాలో హృద్రోగ వైద్యురాలు. సలీమా వేషమును గూడ నామెయే ధరించెను. నలువదితొమ్మిదేండ్లు వచ్చినను పెండ్లికాని కచేరి బంట్రోతు రాజు. అతని పైయధికారిణి రాధ. ఎదిగిన కూతురుగల ఒరియా వితంతువు. ఈ వయస్సున ప్రేమయేమని నవ్వువారు మన యూరను గలరు. ఆ నవ్వునకే యీ చిత్రము జవాబు. క్రైస్తవ యువకుడు జోసెఫు, బ్రాహ్మణ కన్య భార్గవి వలచికొన్నచో నేమగునో చూపినది గాని, యుపన్యాస మియ్యలేదు.

1938లోనే గూడవల్లి రామబ్రహ్మము ‘మాలపిల్ల’లో నిట్టి ప్రేమను తెరకెక్కించెను. ‘పల్నాటి యుద్ధము’ నారంభించినదియు నా చేయియే. ఆయన గతించిన పిదప ఎల్.వి. ప్రసాదు పూర్తిచేసెను. ఒకే మనిషి చూపిన రెండు దారులలో పల్నాటికి కత్తి దారియే మిగులుట వింత.

నటులు లేరందురా? సత్తెనపల్లి చెంతనున్న చాగంటివారిపాలెమున బుట్టిన బ్రహ్మానందము తెలుగువారి నందరను నవ్వించెను గదా! ధనము లేదందురా? కంచరపాలెమువారు స్వల్పవ్యయముతోనే తీసిరి. అసలు చిక్కు తీయుటలో లేదు, జనులకు జూపుటలో నున్నది. ఆ చిత్రమునకు సురేశ్ ప్రొడక్షన్సు, దగ్గుబాటి రానా అండగా నిలిచిరి. వారిని మెచ్చుకొందము. కాని పెద్దయింటి యండ దొరకని చిత్రముల గతియేమి?

రేపు మన పడుచువాడొకడు సత్తెనపల్లి మాటలతో, సత్తెనపల్లి మనుష్యులతో నొక చిత్రము తీసికొని వచ్చినచో, మన ప్రదర్శనశాలలవారు జనము లేని వేళ నొక ఆట విదిలింపక, సాయంకాలపు మొదటి ఆట నిత్తురా? ఇచ్చినచో, పఠనమందిరమున నీ పత్రిక చదువుచున్న మీరు టిక్కెట్టు కొని పోవుదురా?