దత్తపుత్రికకు గోత్రం అడ్డా?

పాలంపేట: సంతానం లేనివారు ఆడపిల్లను పెంచుకోబోతే "పిండం పెట్టేదెవరు?" అన్న ప్రశ్న పల్లెల్లో ఇంకా లేస్తూనే ఉంది. 1213లో రామప్ప గుడి వెలసిన నాటి ప్రభువు గణపతిదేవుడు కొడుకులు లేక కూతురు రుద్రమకు రాజ్యమిచ్చాడు. ఆమె కూతురి కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తు తీసుకుంది. అతని సేనలతో పోరాడిందని చెప్పే సమ్మక్క, కోయదొరకు అడవిలో దొరికిన బిడ్డ అనే కథ. మేడారంలో ఆమెకు బంగారం (బెల్లమే లెండి) మొక్కేవారే ఇంటికొచ్చిన పిల్ల గోత్రం అడగటం విడ్డూరం. 1956 హిందూ దత్తత చట్టం ఆడపిల్లనూ ఒప్పుకుంది. అవివాహిత, వితంతువు సైతం అర్హులే. దత్తహోమం తప్పనిసరి కాదు. పిల్లకు సాధారణంగా 15 ఏళ్ళు నిండి ఉండకూడదు. ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు సంతకాలు చేసి దస్తావేజు రిజిస్టరు చేయిస్తే, రేపు దాయాదులు కోర్టుకెక్కినా దత్తత చెల్లదని రుజువు చేసే భారం వారిదే.