మన చాళ్ పాట మనమే తీద్దాం

పంక్ రాక్ అంటే రంగు జుట్టు, చెవులు చిల్లులు పడే అరుపులు అని తేల్చేసే పెద్దలకు ఒక సంగతి చెప్పాలి. 1977 జనవరిలో మాంచెస్టర్ బృందం బజ్‌కాక్స్ ‘స్పైరల్ స్క్రాచ్’ అనే చిన్న రికార్డు తెచ్చింది. ఆ కుర్రాళ్లు ఏ కంపెనీ గడపా తొక్కలేదు. ఇంట్లోవాళ్ల దగ్గరా, స్నేహితుల దగ్గరా 500 పౌండ్లు అప్పు చేసి, మొదట వెయ్యి కాపీలు సొంతంగా వేయించుకున్నారు. ఎవరి అనుమతీ అడగని ఆ తెగువే పంక్.

ముంబైలో అలాంటి తెగువ కుర్లాలో కనబడింది. సంగీతం ర్యాప్, పద్ధతి మాత్రం అదే. 2014లో నేజీ అనే కుర్రాడు ‘ఆఫత్’ పాటను ఐప్యాడ్‌లో రికార్డు చేసి, వీడియో కూడా దాంతోనే తీశాడు. మరుసటి ఏడాది డివైన్‌తో కలిసి ‘మేరే గల్లీ మే’ పాడాడు. ఆ ఇద్దరి జీవితాల ప్రేరణతో 2019లో ‘గల్లీ బాయ్’ సినిమా వచ్చింది. ధారావి డోపడెలిక్స్ బృందం తమిళంలో పాడి 2018లో రజనీకాంత్ సినిమా ‘కాలా’ దాకా వెళ్లింది. మరి మన తెలుగువాళ్లుండే కామాఠీపురా తెలుగు ఏది? వర్లీ తెలుగు ఏది?

నేను కామాఠీపురాలో మైకులు, స్పీకర్లు అద్దెకిస్తాను. కరీంనగర్ నుంచి వచ్చిన మా నాయన పరేల్ గిర్నీలో సాంచాలు నడిపాడు. 1982 బట్టల మిల్లుల సమ్మెతో ఆ పని పోయింది. అమ్మ బీడీలు చుట్టి మమ్మల్ని సాకింది. ఇప్పుడు బతుకమ్మకైనా, గణపతికైనా నా స్పీకర్లలో మోగేది హైదరాబాద్ డీజే పాటలే. అసలు పాట ఆ తర్వాత మొదలవుతుంది. నేను వైర్లు చుట్టుకుంటుంటే మా చాళ్ మూడో అంతస్తు వరండాలో పోరగాళ్లు నీళ్ల డ్రమ్ము బోర్లించి దరువేస్తారు. ఒకడికి పాత గిటారు, ఒకడికి డప్పు. నల్లా కాడి కొట్లాట, ఖోలీ భాడా, రాత్రి డ్యూటీ, అన్నీ పాటలోకి వస్తాయి. తెలంగాణ యాసలో మరాఠీ, హిందీ కలిసిపోయి ఉంటాయి. మా బతుకు భాష అదే.

కామాఠీపురా మీద కెమెరాలకు కొదవ లేదు. 2022లో ‘గంగూబాయి కాఠియావాడి’ సినిమా ఈ పేరును రెడ్‌లైట్ ఏరియాగా దేశమంతా తిప్పింది. కానీ 18వ శతాబ్ది చివర్లో నిజాం ఇలాకా నుంచి వచ్చి, ఈ నగరానికి రాళ్లెత్తిన కామాఠీల పేరు ఇది. ఆ కూలీల వారసులు ఇంకా ఈ గల్లీల్లోనే ఉన్నారు. ఈ పోరగాళ్ల పాటలు బయటికొస్తే పరువు పోతుందని పెద్దలు భయపడుతున్నారు. మన కథ మనం చెప్పకపోతేనే పరువు పరాయి చేతిలో పడుతుంది.

ఆలస్యం చేసే వీలూ లేదు. వర్లీ బీడీడీ చాళ్లలో 160 చదరపు అడుగుల ఖోలీల స్థానంలో 500 చదరపు అడుగుల ఫ్లాట్ల టవర్లు లేస్తున్నాయి. కామాఠీపురా కూడా రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా పునర్నిర్మాణ జాబితాలో ఉంది. కొత్త ఇల్లు రావాల్సిందే, ప్రతి ఇంటికీ సొంత మరుగుదొడ్డి ఉండాల్సిందే. కానీ ఇరవై ఇళ్లు ఒకేసారి వినే వరండా టవర్‌లో ఉండదు. ఆ వరండాలో పుట్టే పాటను, అక్కడి గోడలను ఇప్పుడే వీడియోలో పట్టుకోవాలి.

మన సంఘాలను, మండళ్లను అడుగుతున్నాను. పండుగ డీజే ఖర్చులో ఒక్క రాత్రి డబ్బు ఈ పిల్లలకివ్వండి. మైకులు, మిక్సరు నేను ఊరికే ఇస్తాను. కెమెరాకు వాళ్ల ఫోన్లు చాలు. షరతు ఒక్కటే: వాళ్ల యాసను దిద్దకండి, వాళ్ల కోపానికి కోత పెట్టకండి. వచ్చే దసరాకు కామాఠీపురా స్పీకర్లలో కామాఠీపురా పాటే మోగాలి.