కొనేముందే బాగుచేసే ధర చెప్పాలి

ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ మంచి వస్తువు. పైనుంచి బట్టలు వేసే రకంతో పోలిస్తే దానికి నీళ్లు బాగా తక్కువ పడతాయి. బట్ట అంతగా నలగదు. చాలావాటిలో నీళ్లు వేడిచేసే హీటరూ ఉంటుంది. కానీ దాన్ని మన ఊళ్లో అమ్ముతున్న తీరు మాత్రం మారాలి. షోరూములో అడుగుపెడితే ఎన్ని కిలోలు, ఎన్ని ప్రోగ్రాములు, పండక్కి ఎంత తగ్గింపు, ఎన్ని వాయిదాలు అన్నవన్నీ చెబుతారు. మీ ట్యాంకు ఎంత ఎత్తులో ఉంది, మీరు వాడేది బోరు నీళ్లా కుళాయి నీళ్లా అని అడగరు. వారంటీ దాటాక పాడైతే ఏ భాగానికి ఎంతవుతుందో చెప్పరు. ఈ మూడూ తెలియకుండా వేలకు వేలు పోయడం మధ్యతరగతి ఇంటికి తగదు.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మెట్టినిల్లు అనకాపల్లిలో బెల్లం కమిషన్ వ్యాపారం చేసే ఉమ్మడి కుటుంబం. సీజన్లో మార్కెట్ నుంచి వచ్చే చొక్కాలకు, పంచెలకు బెల్లం జిగురూ చెమట జిడ్డూ కలిసి పట్టేస్తాయి. బెల్లం చన్నీళ్లకే కరిగిపోతుంది, జిడ్డు మాత్రం కదలదు. 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో ఉతికితే మెడపట్టీ మీద చారలు తేలిగ్గా వదులుతాయి. అందుకే ఈసారి హీటరున్న ఫ్రంట్ లోడే కొనాలని అందరం అనుకున్నాం. ఏది కొనాలన్నది మాత్రం షోరూములో కాదు, ఇంట్లోనే తేల్చుకున్నాం.

మొదట చూసింది ట్యాంకు. నీటిమట్టం మీటరు ఎత్తున ఉంటే వచ్చే పీడనం సుమారు 0.1 బార్. ఎనిమిదో తరగతి పిల్లలకు ద్రవ పీడనం పాఠం చెప్పేటప్పుడు చేయించే లెక్కే ఇది. డాబా మీద దిమ్మె లేకుండా పెట్టిన ట్యాంకు నుంచి పై అంతస్తు కుళాయికి దొరికే ఎత్తు రెండు, మూడు మీటర్లే. అంటే 0.2, 0.3 బార్. కొన్ని మోడళ్లకు 0.3 బార్ సరిపోతుంది, కొన్నింటికి 1 బార్ కావాలి. అది చాలకపోతే డ్రమ్ములోకి నీళ్లు సన్నగా దిగి, మెషీన్ మధ్యలో ఆగి కుళాయి గుర్తు చూపిస్తుంది. ఆరేసే డాబాకు దగ్గరగా ఉంటుందని మా తోటికోడలు పై అంతస్తులో పెట్టమంది. టేపుతో కొలిచాక కింద వెనక వసారాలో పెట్టాం. అక్కడ ఎత్తు రెట్టింపు. అపార్టుమెంట్లలో పై అంతస్తువాళ్లు ప్రెషర్ పంపు ఖర్చును కూడా మెషీన్ ధరలో కలిపి చూసుకోవాలి.

రెండోది నీటి గుణం. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే అది కఠిన జలం. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కఠినత్వం హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీరు దొరకనిచోట 600 వరకు ఒప్పుకుంటుంది. కఠిన జలాన్ని వేడిచేస్తే కాల్షియం తెల్లటి పెచ్చుగా హీటరుకు అంటుకుంటుంది. పెచ్చు మందమయ్యేకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది, చివరికి హీటరే కాలిపోతుంది. పరీక్షకు ల్యాబే అక్కర్లేదు. సీసాలో సగం నీళ్లు పోసి, కాస్త సబ్బు చిదిమి వేసి ఊపి చూడండి. నురగ రాకుండా పైన తెట్టు కడితే మీవి కఠిన జలాలే. మాకు బోరూ ఉంది, కుళాయీ ఉంది. కుళాయి నీటిని వేరే ట్యాంకులోకి పట్టి మెషీన్‌కు దానినుంచే గొట్టం వేయించాం. ఆ వీలు లేనివారు రోజువారీ బట్టలను హీటరు వేయకుండా ఉతుక్కోవచ్చు. పెచ్చు తీసే పొడి మాత్రం క్రమం తప్పకుండా వాడాలి.

మిగతావి త్వరగా తేలాయి. నూకాలమ్మ కొత్త అమావాస్య జాతరకు చుట్టాలు వచ్చి వెళ్లాక దుప్పట్ల గుట్ట మిగులుతుంది కనుక 8 కిలోలది తీసుకున్నాం. మన ఎండకు ఆరబెట్టే మెషీన్ అక్కర్లేదు. మా అత్తగారు మోకాళ్ల నొప్పితో వంగలేరు కాబట్టి అడుగు ఎత్తున సమంగా సిమెంటు గట్టు కట్టించాం. షోరూములో తలుపు తీసి వేసి చూసింది కూడా ఆవిడే. బట్టలు వేసేదెవరో వాళ్ల చెయ్యే ముందు దానిమీద పడాలి.

అసలు విషయం మూడోది. మా చుట్టాలింట్లో ఒక మెషీన్ గట్టిగా శబ్దం చేయడం మొదలుపెట్టింది. విశాఖపట్నం నుంచి వచ్చిన మెకానిక్ బేరింగు పోయిందన్నాడు. బేరింగు చిన్న వస్తువే. కానీ ఆ మోడల్లో డ్రమ్ము చుట్టూ ఉండే ప్లాస్టిక్ టబ్బును రెండు సగాలుగా చేసి కరిగించి అతికేశారు. బోల్టులతో బిగించి ఉంటే విప్పి బేరింగు ఒక్కటే మార్చేవాడు. అతికించింది కనుక టబ్బు మొత్తం మార్చాలని చెప్పిన ఖర్చు కొత్త మెషీన్ ధరలో సగానికి దగ్గరపడింది. వాళ్లు దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. మోటారు బాగుంది, బోర్డు బాగుంది, డ్రమ్ము స్టీలు మెరుస్తూనే ఉంది. అంత సరుకు చెత్తలో కలవడం నాకు బాధగా ఉంది. కొన్నరోజే ఆ సంగతి వాళ్లకు చెప్పి ఉంటే వేరే మోడల్ తీసుకునేవారు.

చెప్పడం అసాధ్యమేమీ కాదు. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ఫ్రంట్ లోడ్ మెషీన్ల మీద, ఎంత సులువుగా బాగుచేయవచ్చో పదికి మార్కులు వేసి అతికించాలని నిబంధన పెట్టారు. ఆ మార్కుల్లో విడిభాగాల ధరకూ వాటా ఇచ్చారు. యూరోపియన్ యూనియన్‌లో అదే ఏడాది మార్చి నుంచి, ఒక మోడల్ అమ్మకం ఆగాక కూడా ముఖ్యమైన విడిభాగాలను కనీసం పదేళ్లు దొరికేలా ఉంచాలి. ఇవే మెషీన్లను, ఇవే కంపెనీల్లో చాలావాటి నుంచి మనమూ కొంటున్నాం. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. మంచి అడుగే. అయితే పోర్టల్ వెతికి చూసేవారికి అందుతుంది. షోరూములో ధర చీటీ దగ్గర నిలబడ్డ గృహిణికి అందాలంటే, ఆ వివరం చీటీ మీదే ఉండాలి.

జనం అడిగేది ధరా తగ్గింపే కదా అని దుకాణదారులు అంటారు. నిజమే, మనం అడగడం లేదు. కానీ స్టార్ గుర్తు కూడా జనం అడిగాక రాలేదు. ప్రభుత్వం పెట్టించింది, ఇప్పుడు అందరం చూసే కొంటున్నాం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వస్తువు నాణ్యత, ప్రమాణం, ధర తెలుసుకునే హక్కు మనకు ఇచ్చింది. పదేళ్లు వాడాలనుకునే వస్తువుకు బాగుచేసే ఖర్చు కూడా ధరలో భాగమే.

ప్రతి మెషీన్ మీద నాలుగు సంగతులు తెలుగులో రాసి ఉండాలి: కావలసిన కనీస నీటి పీడనం, టబ్బు విప్పదగిందా అతికించిందా, తలుపు రబ్బరు, బోర్డు, బేరింగుల ధరలు, అవి ఎన్నేళ్లు దొరుకుతాయి. చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ దసరాకు మన మెయిన్ రోడ్డులో ఏ షోరూముకు వెళ్లినా ఈ నాలుగూ అడగండి, బిల్లు మీద రాయించుకోండి. రాయనన్న చోట కొనకండి. రాసిచ్చిన దుకాణం పేరు పదిమందికి చెప్పండి.