అందరి పాటకు హక్కుదారు ఎవరు?

2025 ఆగస్టు 14న దక్షిణ కొరియా సుప్రీంకోర్టు ఒక పిల్లల పాట తగవును తేల్చేసింది. 'బేబీ షార్క్' పాటను పింక్‌ఫాంగ్ సంస్థ తన దగ్గర కాపీ కొట్టిందంటూ న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన పిల్లల పాటల గాయకుడు జానీ ఓన్లీ 2019లో సియోల్‌లో దావా వేశాడు. 2021లో ఓడిపోయాడు. 2023లో అప్పీలులోనూ ఓడాడు. ఆ రెండు తీర్పులూ సరైనవేనని చివరి కోర్టు ఖాయం చేసింది. ఆయన అడిగిన పరిహారం 3 కోట్ల వాన్‌లు. మన డబ్బులో 20 లక్షల రూపాయలు కూడా దాటదు. ఆ వీడియోనేమో 2020 నవంబర్‌లో యూట్యూబ్‌లో అత్యధికులు చూసినదిగా నిలిచింది, 2022 జనవరిలో 1,000 కోట్ల వీక్షణలు దాటిన మొట్టమొదటి వీడియో అయింది. ఇప్పుడా లెక్క 1,600 కోట్ల పైమాటే.

ఇంత సంపద తెచ్చిపెట్టిన పాటను కంపెనీకంటే ముందే రికార్డు చేసినవాడికి పైసా దక్కలేదంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. పెద్ద కంపెనీ చిన్న కళాకారుణ్ని దోచుకుందన్న కథ వినగానే నమ్మేస్తాం. అలాంటి దోపిడీలు లోకంలో కొల్లలుగా జరిగాయి కూడా. కానీ ఈ కేసు అలాంటిది కాదు. తీర్పు సరైనదేనని నా అభిప్రాయం.

ఎందుకంటే ఈ పాట జానీ ఓన్లీదీ కాదు, పింక్‌ఫాంగ్‌దీ కాదు. అమెరికాలో వేసవి శిబిరాల్లో పిల్లలు చేతులతో సొరచేప నోరు పెట్టి, చప్పట్లు కొడుతూ ఎన్నో ఏళ్లుగా పాడుకుంటున్న పాట అది. ఎవరు కట్టారో తెలియదు. ఒక్కో శిబిరంలో ఒక్కో రకంగా పాడేవారు. కొన్నింటిలో సొరచేప ఈతగాడి కాళ్లూ చేతులూ కొరికేసేది. 2007-08 ప్రాంతంలో జర్మనీలో ఒక యువతి పాడిన ఇదే పాట అక్కడ ఊపేసింది. జానీ ఓన్లీ శిబిరాల్లో పిల్లలకు పాటలు పాడేవాడు. ఆ నెత్తుటి ముచ్చట్లు తీసేసి, చిన్నపిల్లలకు తగ్గట్టు మార్చి 2011లో రికార్డు చేశాడు. పింక్‌ఫాంగ్ 2015లో కొరియన్ భాషలో చేసింది. మరుసటి ఏడాది ఇద్దరు పిల్లల చేత డాన్సు చేయించి, రంగురంగుల బొమ్మలు చేర్చి విడుదల చేసిన వీడియోయే ప్రపంచాన్ని చుట్టేసింది.

రెండు పాటలూ ఒకేలా ఉన్నాయని ఎవరైనా ఒప్పుకుంటారు. అయితే రెంటికీ తల్లి ఒక్కటే అయినప్పుడు పోలిక దొంగతనానికి రుజువు కాదు. మూలపాటకు జానీ ఓన్లీ చేర్చినదేమిటి, ఆ చేర్చినదాన్ని పింక్‌ఫాంగ్ తీసుకుందా అన్నదే చూడాలి. కోర్టులు అదే చూశాయి. ఆయన చేసిన మార్పులు పాత పాటను కొత్త రచన అనిపించేంతటివి కావని తేల్చాయి. ఊరుమ్మడి చెరువులో ఇద్దరూ కడవలు ముంచుకున్నారు. ముందు ముంచినవాడు రెండోవాణ్ని దొంగ అనలేడు.

ఆ మాట పింక్‌ఫాంగ్‌కు మరింత గట్టిగా వర్తిస్తుంది. 2018లో కొరియా స్థానిక ఎన్నికల ప్రచారంలో లిబర్టీ కొరియా పార్టీ ఈ పాట వాడుకుంది. అప్పుడు పింక్‌ఫాంగ్ వెనకున్న స్మార్ట్‌స్టడీ కంపెనీ చట్టపరమైన చర్య తీసుకుంటామని హెచ్చరించింది. జానీ ఓన్లీ అనుమతితోనే వాడామని పార్టీ జవాబిచ్చింది. ఇది జానపదం కదా, ఎవరికీ హక్కు ఉండదు కదా అని అంతవరకూ అనుకున్న జానీ ఓన్లీకి, హక్కు ఉండే అవకాశం ఉందన్న ఆలోచన కలిగింది అప్పుడే. అంటే ఈ వ్యాజ్యానికి విత్తనం వేసింది ఆ కంపెనీ హెచ్చరికే. అందరి పాటను తెచ్చుకుని కోట్లు గడించడం తప్పు కాదు. కష్టం, బొమ్మలు, డాన్సు, వ్యాపారం వాళ్లవి. గడించాక ఆ పాట చుట్టూ కంచె వెయ్యబోవడం మాత్రం నా దృష్టిలో తప్పే.

కర్త పేరు తెలిసిన పాట అయితే చట్టం ఎలా నడుస్తుందో ఆస్ట్రేలియా చూపించింది. 'మెన్ ఎట్ వర్క్' బృందం పాట 'డౌన్ అండర్'లోని వేణునాదంలో, మారియన్ సింక్లెయిర్ అనే సంగీతం టీచర్ 1930లలో గర్ల్ గైడ్స్ పోటీ కోసం రాసిన 'కూకబురా' అనే పిల్లల పాట చాయ ఉంది. 'డౌన్ అండర్' 1980ల మొదట్లో అమెరికా, బ్రిటన్లలోనూ మొదటి స్థానంలో మోగింది. సింక్లెయిర్ 1988లో చనిపోయేదాకా ఎవరి మీదా దావా వెయ్యలేదు. తర్వాత ఆ హక్కులు కొనుక్కున్న లారికిన్ కంపెనీ, 2007లో ఒక టీవీ క్విజ్‌లో ఈ పోలిక గురించి ప్రశ్న అడిగాక కోర్టుకెక్కింది. 2010లో గెలిచి, 2002 నుంచి వచ్చిన రాయల్టీలో 5 శాతం పొందింది. ఆ వేణువు వాయించిన గ్రెగ్ హామ్, తనను కాపీ కొట్టినవాడిగానే గుర్తుంచుకుంటారేమోనని కుమిలిపోయి 2012లో కన్నుమూశాడు. చట్టం ప్రకారం ఆ తీర్పును తప్పుపట్టలేం. పాట రాసిన టీచరమ్మకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఇదంతా మనకెందుకంటారా? 2021 ఫిబ్రవరి చివర్లో 'లవ్ స్టోరీ' సినిమాలోని 'సారంగదరియా' విడుదలై మోత మోగించింది. ఆ పాటను తాను సేకరించి 'రేలా రె రేలా' టీవీ కార్యక్రమంలో ముందే పాడానని వరంగల్ వైపు జానపద గాయని ఒకరు బాధపడ్డారు. రచయిత సుద్దాల అశోక్ తేజ పల్లవి జానపదమని, చరణాలు తాను రాసినవని వివరించారు. ఆమెకు గుర్తింపు, పారితోషికం ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల ప్రకటించడంతో వివాదం సద్దుమణిగింది. అక్కడ ఇద్దరి మాటలోనూ నిజముంది. ఆ పాట ఆమె సొత్తు కాదు. కానీ ఎవరో ఒకరు నోటినుంచి నోటికి అందించకపోతే అది సినిమాదాకా వచ్చేదే కాదు. ఆమె మొదట అడగాల్సి రావడమే అన్యాయం.

మన 1957 కాపీరైట్ చట్టం రచయిత పేరు తెలిసిన పాటను ఆయన మరణానంతరం 60 ఏళ్లు కాపాడుతుంది. కర్త ఎవరో తెలియని నాటు పాటకు, కోత పాటకు, బతుకమ్మ పాటకు అందులో ప్రత్యేకమైన రక్షణ లేదు. ఇప్పుడు జానపదాలకు యూట్యూబ్‌లో మంచి గిరాకీ వచ్చింది. ఒకప్పుడు క్యాసెట్ల మీద కనిపించిన 'సేకరణ' అన్న మాట పలుచబడి, అమ్మమ్మల కాలం పాటల కింద కూడా 'రచన' అని ఒకరి పేరు పడుతోంది. ఇంకొకరు అదే పాట పాడి పెడితే ఆ వీడియో మీద కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. పోలికలు వెతికే యూట్యూబ్ యంత్రం బాణీ పోలికను పట్టగలదు గానీ, ఆ బాణీ ఎవరి ఊరిదో దానికి తెలియదు. లాయరును పెట్టుకోలేని పల్లెటూరి గాయని తన తల్లి నేర్పిన పాట కోసం తానే సంజాయిషీ చెప్పుకోవాలి.

ఇలాంటి చోట అక్కరకొచ్చేది పాత రికార్డే. కొరియాలో కంపెనీని కాపాడింది కూడా, పాట అంతకుముందే జనంలో ఉందన్న సాక్ష్యమే. మనకు ఆ సాక్ష్యం కూడబెట్టినవాళ్లు తక్కువేమీ కాదు. నేదునూరి గంగాధరం ఊరూరా తిరిగి పాటలు రాసుకున్నారు. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసి ఆ చదువుకే దారి వేశారు. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయానికి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. ఇలాంటి చోట్ల ఉన్న సేకరణలు ఎవరైనా ఇంటినుంచే విని పోల్చుకునేలా, పాడినవారి పేరు, ఊరు, సంవత్సరంతో సహా నెట్‌లో పెడితే సగం తగవులు పుట్టకముందే పోతాయి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ ఇది మోయలేనంత ఖర్చేమీ కాదు.

మిగతాది సినిమావాళ్ల చేతిలో, చానళ్లవాళ్ల చేతిలో ఉంది. పల్లవి జానపదమైతే జానపదమనే రాయండి. ఎవరి నోట విన్నారో ఆ పేరు, ఊరు వేయండి. వచ్చిన డబ్బులో వారికి భాగం ఇవ్వండి. కొత్త చరణాలు మీవైతే వాటికి హక్కు అడగండి, తప్పు లేదు. పల్లవి మీద మాత్రం ఇంకొకరి వీడియోకు క్లెయిమ్ వేయకండి.