ఫ్లెమింగ్ దాస్తాన్ సగంలోనే ఖతమా?

జేమ్స్ బాండ్‌ని పుట్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ జిందగీ మీద 2014లో వచ్చిన నాలుగు భాగాల సీరియల్ చూశాను. డామినిక్ కూపర్ అదాకారీ బాగుంది. సూట్లూ సిగరెట్లూ మహా షాన్‌గా ఉన్నాయి. నా షికాయత్ వేరే.

జంగ్ రోజుల్లో ఫ్లెమింగ్ లండన్‌లో, నౌకాదళ గూఢచారి దఫ్తర్‌లో అడ్మిరల్ గాడ్‌ఫ్రీకి సహాయకుడు. మన్సూబాలు వేయడం ఆయన పని. జాన్‌కి తెగించి వెళ్లింది వేరే సిపాయిలు. సీరియల్ మాత్రం ఆయన చేతికే పిస్తోలిచ్చి బాండ్‌ని చేసేసింది. కుర్చీలో కూర్చున్న మనిషి అలాంటి హీరోని ఎందుకు ఖ్వాబుల్లో కన్నాడన్నదే కదా అసలు సవాల్!

పైగా 1952లో, జమైకాలో యాన్‌తో షాదీ, మొదటి నవల... అక్కడితో ఖతం. నాక్కావలసింది ఆ తర్వాతి పన్నెండేళ్లు. ఏటా జమైకా వెళ్లి నవల రాయడం, మియాబీబీల తకరార్లు, సిగరెట్లకూ షరాబుకూ అలసిపోయిన దిల్. 1964 ఆగస్టు 12న గుండెపోటుతో ఇంతెకాల్. వయసు 56. సరిగ్గా ఆ రోజే ఒక్కగానొక్క కొడుకు కాస్పర్‌కి పన్నెండేళ్లు నిండాయి.

ఆ పిల్లాడి సాలగిరా ఒక్కటి చూపించినా, ఆ పిస్తోళ్లన్నీ మాఫ్ చేసేవాణ్ణి.