కాళ్లు కదిలాయా అని అడగండి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం కరీంనగర్ జిల్లాలో నూటికి 82 కాన్పులు కోతతోనే. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. అనవసరపు కోతల మీద చర్చ జరుగుతూనే ఉంది. ఆ కోతకు ముందు నడుముకు ఇచ్చే మత్తు సూది గురించి మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు. గర్భసంచి, హెర్నియా ఆపరేషన్లకూ చాలాసార్లు అదే సూది.

సూది చెడ్డది కాదు. కోతల కాన్పుకు పూర్తి మత్తు కన్నా మామూలుగా అదే క్షేమం. బ్రిటన్‌లో 2006-07లో ఏడు లక్షలకు పైగా ఇలాంటి మత్తులను పరిశీలిస్తే, ఎంత కఠినంగా లెక్కగట్టినా శాశ్వత నష్టం లక్షకు నలుగురైదుగురిని దాటలేదు. కానీ వాళ్లలో కొందరికి పోయేది కాళ్లు.

పెద్దవాళ్లలో వెన్నుపాము సాధారణంగా నడుము మొదటి, రెండో పూసల దగ్గర ముగుస్తుంది. సూది అంతకన్నా కిందే దిగాలి. చేత్తో తడిమి పూసలు లెక్కపెడితే అనుభవజ్ఞులూ ఒక మెట్టు పొరబడతారు. అందుకే కాల్లోకి కరెంటు షాక్ కొట్టినట్టు అనిపిస్తే పేషెంటు వెంటనే చెప్పాలి, డాక్టర్ అక్కడే ఆగాలి, మందు ఎక్కించకూడదు. ఉట్నూరు ఏజెన్సీ నుంచి వచ్చిన గోండు ఆడబిడ్డ ఆ మాట తన భాషలో అంటే థియేటర్‌లో ఎవరికి అర్థమవుతుంది? ఆదిలాబాద్ ఆస్పత్రులు ఆ నాలుగు గోండి మాటలు ముందే నేర్చుకోవాలి.

రెండో ప్రమాదం వార్డులో. అరుదుగా, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు, వెన్నులో రక్తం గూడుకట్టి నరాలను నొక్కుతుంది. గంటల్లోగా ఆపరేషన్ చేసి ఆ ఒత్తిడి తీయకపోతే కాళ్లలో బలం తిరిగి రాకపోవచ్చు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. ‘మత్తింకా దిగలేదమ్మా, పడుకో’ అనే ఓదార్పు ఇక్కడ ప్రాణాంతకం కాకపోయినా జీవితాంతపు శిక్ష కాగలదు. మత్తుమందు చివరి డోసు తర్వాత నాలుగు గంటలకు బాలింత కాలు మడవకుండా పైకెత్తగలదో లేదో చూడాలని, ఎత్తలేకపోతే మత్తు డాక్టర్‌ను పిలవాలని బ్రిటన్ మత్తు వైద్యుల 2020 మార్గదర్శకం చెబుతోంది. దానికి ఒక నర్సు, ఒక గడియారం చాలు.

మన ఇళ్లలో ఏళ్ల తరబడి నడుం నొప్పినంతా ఈ సూది మీదే వేస్తారు. ఆ నింద అధ్యయనాల్లో రుజువు కాలేదు. దాని హోరులో అసలు సూచనలు కొట్టుకుపోతున్నాయి: తగ్గని తిమ్మిరి, బరువెక్కే కాళ్లు, ఆగిపోయిన మూత్రం.

కేసు షీటులో బీపీ గడి పక్కన కాళ్ల కదలికకూ ఒక గడి పెట్టాలని కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వైద్యాధికారులు ఇప్పుడే ఆదేశించాలి. ప్రైవేటు నర్సింగ్ హోములనూ వదలకూడదు. కోతల శాతం అక్కడే ఎక్కువ.